బాగుచేసిన వల అదే వలా?

వల చిరుగుతుంది, కుడతారు. మళ్లీ చిరుగుతుంది, మళ్లీ కుడతారు. కొన్నేళ్లు గడిచేసరికి మొదట అల్లిన దారంలో ఒక్క పోగైనా మిగలకపోవచ్చు. బెండ్లు మారతాయి, గుండ్లు మారతాయి, అంచుతాడు మారుతుంది. అయినా ఇంట్లోవాళ్లు దాన్ని ‘నాన్న వల’ అనే అంటారు. ఆ మాట నిజమా, అలవాటు కొద్దీ అనేదా? భారతీయ దర్శనాలు దారాన్నీ బట్టనూ ముందు పెట్టుకుని శతాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్న ఇదే. దీని వెంటే రెండో ప్రశ్న వస్తుంది. వేటసామగ్రిని కడిగి, ఆరబెట్టి, కుట్టి నిలబెట్టుకునే పని వేటకు ముందు చేసే ఏర్పాటు మాత్రమేనా, దానికదే ఒక ధర్మమా? వేటే బతుకైన శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఈ రెండు ప్రశ్నలూ గ్రంథాల్లో కంటే ఇసుక మీద స్పష్టంగా కనిపిస్తాయి.

ఉప్పు, ఎండ, దారం

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాకు సుమారు 28 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఇచ్ఛాపురం దగ్గరి డొంకూరు మొదలుకొని బారువ, భావనపాడు, కళింగపట్నం, బుడగట్లపాలెం మీదుగా పూసపాటిరేగ మండలం చింతపల్లి, భోగాపురం మండలం ముక్కాం దాకా ఊరూరా ఒడ్డున వలల కుప్పలు కనిపిస్తాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన ఆ విరామంలో ఒడ్డున పని ఆగదు. వలలు కుట్టుకోవడం, పడవలకు రంగులు వేసుకోవడం, ఇంజన్లు విప్పి బాగుచేసుకోవడం అప్పుడే జరుగుతాయి.

ఒకప్పుడు వలలు నూలు, జనపనారలతో అల్లేవారు. అవి మొక్కల పీచులు కాబట్టి తడిగా ఉంటే సూక్ష్మజీవులు తినేసి కుళ్లబెట్టేవి. అందుకే వేట నుంచి రాగానే వలను ఇసుక మీద పరిచి ఎండబెట్టాలి, అప్పుడప్పుడు చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి రంగు పట్టించాలి. గత శతాబ్దం రెండో సగంలో నైలాన్ వచ్చాక పద్ధతి తలకిందులైంది. నైలాన్ నీటిలో కుళ్లదు, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బలం కోల్పోతుంది. తాతకు ఎండబెట్టడం ధర్మమైతే మనవడికి నీడన దాచడం ధర్మమైంది. చేసే పని పూర్తిగా తారుమారైంది, చేయాలన్న పూచీ మాత్రం తరం నుంచి తరానికి చెక్కుచెదరకుండా అందింది.

చిల్లు పూడ్చే తీరు దగ్గరగా చూడదగినది. పీలికలైన చోట నేరుగా కొత్త దారం కట్టరు. ముందు కత్తి తీసుకుని, చిరిగిన కన్నుల అంచులు కోస్తారు. ప్రతి ముడి దగ్గరా సవ్యమైన రెండు కాళ్లు (ముడి నుంచి సాగే దారాలు) మిగిలేలా చేసుకుంటూ, మూడు కాళ్లున్న ఒక ముడిని మొదలుకూ, అలాంటిదే మరొకదాన్ని ముగింపుకూ ఎంచుకుంటారు. అంటే చిల్లును పూడ్చడానికి ముందు దాన్ని పెద్దది చేయాలి. తర్వాత వల సూదికి దారం చుట్టి, కన్ను కొలత తప్పకుండా వరుస వెంట వరుస ముడులు వేస్తూ వస్తారు. చివరి ముడి బిగిశాక, దారం రంగులో తేడా తప్పితే పాత కన్నేదో కొత్త కన్నేదో చెయ్యి పోల్చుకోలేదు.

దర్శనాల జవాబులు

న్యాయ వైశేషికులు వస్తువు విషయంలో నిక్కచ్చిగా ఉంటారు. దారాలు వేరు, దారాలతో ఏర్పడిన బట్ట వేరు. బట్ట అనేది అవయవాలలో విడదీయరాని ‘సమవాయ’ సంబంధంతో నిలిచిన ‘అవయవి’. అలాంటిది ఉందనడానికి న్యాయసూత్రాలు చూపిన ఆధారాల్లో ఒకటి పట్టుకోవడం, లాగడం. ఒక కొస పట్టి లాగితే మొత్తం కదిలి వస్తుంది, ఇసుక కుప్పలోంచి గుప్పెడు తీస్తే కుప్ప వెంట రాదు. ఒడ్డు నుంచి అలివి వలను రెండు తాళ్లు పట్టి పదిమంది లాగే దృశ్యానికి ఈ వాదం సరిగ్గా అతుకుతుంది. చేపను పట్టేది దారపు పోగు కాదు, వలే.

అయితే ఈ నిక్కచ్చితనానికి ఖరీదు ఉంది. ఒక దారం తెగితే పాత అవయవి నశించినట్టే, మిగిలినది ‘ఖండపటం’ అనే మరో వస్తువు. కొత్త దారం చేరిస్తే ఇంకో వస్తువు పుడుతుంది. ఈ లెక్కన పదేళ్లు వేటాడిన వల ఒకటి కాదు, ఒకదాని వెనుక ఒకటిగా పుట్టి నశించిన వేల వలల వరుస. మరి ‘ఇది అదే వల’ అన్న గుర్తింపు ఎలా కలుగుతుంది? ఒకే జాతికి చెందిన పోలిక వల్ల, దీపజ్వాలను చూసి అదే జ్వాల అనుకున్నట్టు, అని వారి సమాధానం.

బౌద్ధులు మరో అడుగు ముందుకు వేశారు. వంశధార ఒడ్డున, కళింగపట్నానికి దగ్గరలో శాలిహుండం కొండ మీద స్తూపాలు, చైత్యాలు, విహారాల శిథిలాలు ఉన్నాయి. 1919లో ఆ స్థలాన్ని వెలుగులోకి తెచ్చినది గిడుగు రామమూర్తి. విజయనగరం దగ్గరి రామతీర్థం కొండల మీద కూడా బౌద్ధ శిథిలాలు ఉన్నాయి. ఈ తీరానికి పరాయిది కాని ఆ సంప్రదాయంలో మిళిందపన్హ ప్రసిద్ధ గ్రంథం. అందులో నాగసేనుడు మిళింద రాజును రథం గురించి అడుగుతాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా? ఏదీ కాదు. వాటిని విడిచి మరొకటి ఉందా? లేదు. రథమనేది ఆ భాగాల కూర్పును ఆశ్రయించి పెట్టుకున్న పేరు. వల కూడా అంతే. దారం, ముడి, బెండు, గుండు వేరు చేస్తే ‘వల’ అని వేలుపెట్టి చూపగలిగేది ఏమీ మిగలదు.

అలాగని బౌద్ధులు పూచీని కొట్టిపారేయలేదు. అదే గ్రంథంలో మామిడిపళ్ల దొంగ ఉదాహరణ ఉంది. నేను తీసుకున్న పళ్లు యజమాని నాటినవి కావు, అవి వేరు, ఇవి వేరు అని దొంగ వాదిస్తాడు. ఆ వాదం చెల్లదు, ఎందుకంటే ఈ పళ్లు ఆ నాటిన వాటి వల్లే పుట్టాయి. అదే కానక్కరలేదు, వేరూ కాదు, మధ్యన తెగని సంతతి ఉంటే చాలు. తండ్రి వల మీద చేసిన అప్పు దారం మారినంత మాత్రాన తీరిపోదు.

తాళ్లతో దుంగలను జతకట్టిన తెప్ప ఈ చర్చకు మరింత పదును పెడుతుంది. తేలికైన దుంగలు నీరు పీల్చుకుని బరువెక్కుతాయి కాబట్టి, ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఆరబెట్టే ఆనవాయితీ తూర్పు తీరంలో ఉండేది. మర్నాడు వాటినే మళ్లీ కట్టి నీళ్లలోకి తోసేవారు. సాయంత్రం తెప్ప ఉండదు, తెల్లవారితే ఉంటుంది. నైయాయికుడికి అది రోజుకో కొత్త తెప్ప. బౌద్ధుడికి ఏ రోజూ తెప్ప లేదు, దుంగలకు రోజూ కొన్ని గంటలపాటు అతికే పేరు మాత్రమే ఉంది. ఫైబర్ పడవలు వచ్చి ఆ తెప్పలు అరుదైపోయాయి గాని, అవి వేసిన ప్రశ్న అలాగే ఉంది.

సాంఖ్యులు, అద్వైతులు కారణం వైపు నుంచి వస్తారు. సాంఖ్యంలో కార్యం కారణంలో ముందే ఉంటుంది, దారంలో దాగిన వల అల్లికతో వ్యక్తమవుతుంది. అద్వైతంలో కారణమే సత్యం. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టిని చూపి కుండ, మూకుడు అనేవి పేర్లేనని బోధిస్తాడు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో చుట్టిన బట్ట ఉపమానం వస్తుంది. చుట్టి ఉన్నప్పుడు అది బట్టో మరొకటో స్పష్టంగా తెలియదు, పరిస్తే దాని పొడవు వెడల్పులు తెలుస్తాయి, అంతమాత్రాన రెండూ వేరు వస్తువులు కావు. పడవలో కుప్పగా పడి ఉన్న వల, నీటిలో గోడలా విచ్చుకున్న వల అలాంటివే. అద్వైతి చూపులో ‘నాన్న వల’ వ్యవహారంలో సత్యం, పరమార్థంలో నామరూపం.

గ్రీకుల్లోనూ ఈ ప్రశ్న ఉంది. థీసియస్ ఓడలో పాడైన పలకలను ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే అది అదే ఓడా అని తాత్వికులు వాదించుకున్న సంగతిని ప్లూటార్క్ రాశాడు. తీసేసిన పాత పలకలన్నీ కూర్చి మరో ఓడ కడితే ఏది అసలైనది అని 17వ శతాబ్దంలో హాబ్స్ ముడిని మరింత బిగించాడు.

నిమిత్తకారణం ఎప్పుడు సెలవు తీసుకుంటుంది?

ఈ వాదాలన్నింటిలోనూ ఒక పోలిక ఉంది. అన్నీ దారాన్నీ వలనూ చూశాయి, కుట్టే చేతిని పక్కన పెట్టాయి. న్యాయశాస్త్రం ఆ చేతికి ‘నిమిత్తకారణం’ అని పేరైతే పెట్టింది. కుండకు కుమ్మరి, బట్టకు సాలెవాడు నిమిత్తకారణాలు. అయితే కుండ తయారయ్యాక కుమ్మరి లేకున్నా కుండ ఉంటుందని, పుట్టుకతోనే నిమిత్తకారణం పని ముగుస్తుందని ఆ శాస్త్రం చెబుతుంది. సముద్రంలోకి వెళ్లే వస్తువుకు ఈ సూత్రం సరిపోదు. ఒక్క వేటకాలం చెయ్యి తీసేస్తే వల పోగుల కుప్ప అవుతుంది. దాన్ని వలగా ఉంచుతున్నది మొదటి అల్లిక కాదు, ఆగని మరమ్మతు.

న్యాయసంప్రదాయంలోనే దీనికి దారి ఉంది. ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుడికి చూపిన హేతువుల్లో జగత్తు అనే కార్యం ఒకటైతే, ‘ధృతి’ మరొకటి. లోకం పుట్టడానికే కాదు, పడిపోకుండా నిలవడానికి కూడా ఒక కర్త కావాలని దాని భావం. సృష్టి, స్థితి, లయలని మూడు పనులు చెప్పుకునే సంప్రదాయంలో మధ్యదానికి విడిగా దైవం ఉండటం ఊరికే కాదు. గార మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న శ్రీకూర్మంలో పూజలందుకునే విష్ణువు కూర్మావతారం పాలసముద్రాన్ని చిలికింది లేదు, అమృతం పంచింది లేదు. మందరపర్వతం మునిగిపోకుండా అడుగున ఉండి మోసింది. నిలబెట్టడం దేవుడి పనుల్లో ఒకటని అంగీకరించినవారు, దాన్ని మనిషి పనుల్లో చిన్నదిగా లెక్కించడానికి వీల్లేదు.

కాబట్టి ‘ఇది అదే వల’ అనే మాట దారం గురించి చెప్పే సమాచారం కంటే ఎక్కువ. దాన్ని ఇన్నాళ్లూ వదలకుండా చూసుకున్నామని, ఇక ముందూ చూసుకుంటామని అందులో హామీ ఉంది. ఆ హామీ నడుస్తున్నంత కాలం వల అదే వల.

దేవుడి విషయంలోనూ ఈ ప్రాంతం ఇలాగే నమ్మింది. విజయనగరంలో విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. సిరిమాను కోసం ఏటా కొత్త చింతమాను తెస్తారు. దాని కొసన కూర్చునే పూజారిలో అమ్మవారినే చూస్తారు. చెట్టు ఏడాదికొకటి మారినా జనం మొక్కేది అదే సిరిమానుకు. ఆ ఊరేగింపులో సిరిమాను ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగుతో పాటు బెస్తవారి వల కూడా నడుస్తుంది. అమ్మవారి విగ్రహం పెద్దచెరువులో దొరికిందని సంప్రదాయం. నీళ్లను నమ్ముకున్నవారి పనిముట్టు దేవత ముందు నడవడం అందుకు తగ్గట్టే ఉంది. పొరుగున పూరీలో నవకళేబరం సమయంలో జగన్నాథుడి దారువిగ్రహాలనే మారుస్తారు. 1996లో, 2015లో అలా జరిగింది. పాత విగ్రహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదానిలోకి చేర్చే క్రియతో స్వామి స్వామిగానే కొనసాగుతాడు. కొయ్య మారితే దేవుడు మారడని నమ్మే చోట, దారం మారితే వల మారదనడం వింత కాదు.

కడగడం సంస్కారమా?

రెండో ప్రశ్నకు మీమాంసకుల దగ్గర మంచి పరికరాలు ఉన్నాయి. యజ్ఞంలో ప్రధానకర్మ ఉంటుంది, దానికి ఉపకరించే అంగాలు ఉంటాయి. ధాన్యం మీద నీళ్లు చిలకరించడం లాంటివి సంస్కారాలు, అవి ద్రవ్యాన్ని కర్మకు అర్హం చేస్తాయి. సంస్కారం రెండు విధాలుగా జరుగుతుందని శాస్త్రకారులు చెబుతారు. ఉన్న దోషాన్ని తీసేయడం ఒకటి, లేని గుణాన్ని చేర్చడం మరొకటి.

వేటసామగ్రి సంరక్షణ మొత్తం ఈ రెండు మాటల్లో ఇముడుతుంది. సరదాకు గాలం వేసేవారు వాడే రీలునే తీసుకోవచ్చు. సముద్రం నుంచి వచ్చాక దానిలో దోషం ఉప్పు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమలో ఉక్కు తుప్పు పడుతుంది. అల్యూమినియం, ఇత్తడి, ఉక్కు ఒకదానికొకటి ఆనుకున్న చోట తినివేత ఇంకా వేగంగా సాగుతుంది. అందుకే దారం జారే బిగువును అదుపుచేసే డ్రాగ్‌ను బిగించి, మంచినీటిని సన్నగా పోస్తూ కడగాలి. జోరుగా కొడితే నీరు ఉప్పును బేరింగుల లోపలికి నెడుతుంది. తుడిచి నీడన ఆరనిచ్చాక డ్రాగ్ వదులు చేయాలి, లేకపోతే లోపలి బిళ్లలు అదిమిన చోటే అతుక్కుపోతాయి. ఇక్కడి దాకా దోషాపనయనం. ఆ తర్వాత బేరింగులకు ఒకటి రెండు చుక్కల నూనె, పళ్లచక్రాలకు కాస్త గ్రీజు. అది గుణాధానం. పడవ ఇంజనుకు మంచినీళ్లు పట్టించడం, గాలపు ముళ్లను ఆరబెట్టి నూనెగుడ్డతో తుడవడం, పాతకాలపు వలకు బెరడు కషాయం పట్టించడం అన్నీ ఈ వరుసలోవే.

మీమాంసకులు దీన్ని అంగమే అంటారు, ప్రధానమనరు. వేట లేకపోతే వల కుట్టడం దేనికి? ఈ అభ్యంతరం న్యాయమైనదే. కానీ ప్రధానానికి ఫలం మన చేతిలో లేదు. వల వేశాక చేప పడుతుందా లేదా అన్నది సముద్రం ఇష్టం, గాలి ఇష్టం. వేటగాడి చేతిలో పూర్తిగా ఉన్నది అంగం మాత్రమే. కర్మ మీదే అధికారం, ఫలం మీద లేదన్న భగవద్గీత బోధ ఈ తీరంలో సిద్ధాంతంగా వినిపించదు, దినచర్యగా కనిపిస్తుంది. ఇక్కడి నుంచి గుజరాత్‌లోని వేరావల్ లాంటి రేవులకు వలస వెళ్లి, యజమాని పడవలో యజమాని వల కుట్టేవారి పనిలో ఆ బోధ మరింత కఠినంగా పరీక్షకు నిలుస్తుంది. వల తనది కాదు, చేపలో భాగం కొంతే, అయినా ముడి వదులుగా వేస్తే వల నిలవదు.

మహర్నవమి నాటి ఆయుధపూజ, నిషేధం ముగిశాక పడవకు పసుపు కుంకుమలు పెట్టి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టడం ఈ నిత్యకృత్యానికి పండుగ రూపాలు. ఏడాది పొడవునా పట్టించుకోని పనిముట్టుకు ఒక్కరోజు బొట్టు పెడితే అది పూజ కాదు. రోజూ ఉప్పు కడిగినవాడు బొట్టు పెట్టినప్పుడే అది నిండుతుంది. ఆలయాల విషయంలో కొత్త గుడి కట్టించడం కంటే పాతదాన్ని జీర్ణోద్ధరణ చేయడం ఎక్కువ పుణ్యమన్న సంప్రదాయం వెనుక ఉన్నదీ ఇదే వివేకం. శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లి సూర్యదేవాలయం మొదట తూర్పు గాంగుల కాలంలో, 7వ శతాబ్దంలో కట్టినదని చెబుతారు. ఇప్పుడు కనిపించే కట్టడంలో ఎక్కువ భాగం 18వ శతాబ్దపు పునర్నిర్మాణం. భక్తులకు అది ఒకే గుడి.

హింస మాట

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ నిలబడుతుంది. వల చంపే సాధనం. దాన్ని శ్రద్ధగా చూసుకోవడం హింసను శ్రద్ధగా చేయడం కాదా? బౌద్ధం ‘సమ్యగాజీవం’ (సరైన జీవనోపాధి) కింద ప్రాణుల వ్యాపారాన్ని, ఆయుధాల వ్యాపారాన్ని వద్దంది. జైనం ఇంకా కఠినం. మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథ మరో వైపు నుంచి మాట్లాడుతుంది. మిథిలలో మాంసం అమ్మే ఆ వ్యాధుడు, తపస్వి అయిన కౌశికుడికి ధర్మం చెబుతాడు. తన వృత్తిలో హింస లేదని అతడు బుకాయించడు. ఉందని ఒప్పుకుని, ఏ బతుకూ హింస తగలకుండా సాగదని, దాన్ని ఎంత తగ్గించగలమన్నదే మనిషి చేతిలో ఉన్నదని చెబుతాడు.

వల సంరక్షణ ఆ తగ్గింపులో భాగం కాగలదు. కుట్టేటప్పుడు కన్ను కొలత తగ్గిస్తే పిల్లచేప కూడా చిక్కుతుంది, కొలత నిలిపితే అది దాటిపోతుంది. ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూలు రక్షణలో ఉన్నాయి. గాలి పీల్చడానికి పైకి రావలసిన ఆ జీవి వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. దాన్ని విడిపించాలంటే ఒక్కోసారి నాలుగు కన్నులు కోయాలి. కుట్టడం తెలిసిన చేతికి ఆ కోత భయం కలిగించదు. కూర్మనాథుణ్ని కొలిచే తీరంలో తాబేలు కోసం వలను కోసి, సాయంత్రం ఆ కన్నులే మళ్లీ కట్టుకోవడం శాస్త్రమూ చట్టమూ ఒకచోట కలిసే పని.

చివరి సంస్కారం

ఏ మరమ్మతుకైనా హద్దు ఉంటుంది. ముడి బిగిస్తే దారమే తెగిపోయే స్థితి వస్తే ఇక వల కుట్టడానికి పనికిరాదు. అప్పుడేం చేయాలన్నదానికీ మీమాంసలో పేరు ఉంది. కర్మలో వాడిన ద్రవ్యాన్ని ఎక్కడపడితే అక్కడ పారేయకుండా తగిన చోటికి చేర్చడం ‘ప్రతిపత్తి కర్మ’. అగ్నిహోత్రి చనిపోతే అతడు జీవితమంతా వాడిన యజ్ఞపాత్రలను దేహం మీద ఒక్కో అవయవం దగ్గర ఒక్కొక్కటిగా అమర్చి దహనం చేస్తారు. పనిముట్టుకూ అంత్యక్రియ ఉండాలన్న భావన అది.

నూలు వలల కాలంలో ఈ బాధ్యతను ప్రకృతే తీసుకునేది, పాడైన వల మట్టిలో కలిసిపోయేది. నైలాన్ అలా కలవదు. సముద్రంలో తెగిపోయిన లేదా వదిలేసిన నైలాన్ వల చాలా ఏళ్లపాటు చేపలనూ పీతలనూ తాబేళ్లనూ పడుతూనే ఉంటుంది. వాటిని ఒడ్డుకు చేర్చేవారుండరు, తినేవారుండరు. కుట్టే చేతి నుంచి విడిపోయిన వల ఫలం లేని హింసగా మిగులుతుంది. నిమిత్తకారణం సెలవు తీసుకుంటే ఏం జరుగుతుందో చూపడానికి ఇంతకంటే సూటైన ఉదాహరణ లేదు.

కాబట్టి సంరక్షణ ధర్మంలో చివరి భాగం వలను ఒడ్డుకు తేవడం. తెచ్చిన పాత వల తీర గ్రామాల్లో కూరపాదుకు కంచె అవుతుంది, కోళ్లగూటికి కప్పు అవుతుంది. దేనికీ పనికిరానిది ప్లాస్టిక్ సేకరణకు చేరాలి. దారం పోగుచేసి అల్లిననాడు మొదలైన పూచీ, దాన్ని నీళ్లలో వదలకుండా ఒడ్డుకు చేర్చి ఒక చోటు చూపిననాడు పూర్తవుతుంది.